హోల్‌సేల్ ఇంటర్నెట్ టియర్ ఎత్తేస్తామంటే సీఆర్టీసీ ఏం చూస్తుంది, మీరు ఏం అడగాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒంటారియోలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో హోల్‌సేల్ ఖాతాలు చూసే పని మీకు కొత్తగా అప్పగించారు. మీరు లైన్లు తీసుకునే పెద్ద కేబుల్ కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. 30 ఎంబీపీఎస్ హోల్‌సేల్ టియర్‌ను, అంటే మీలాంటి కంపెనీలకు టోకున అమ్మే ఆ స్పీడ్ స్థాయిని, దశలవారీగా ఎత్తేయడానికి కెనడా టెలికాం నియంత్రణ కమిషన్ అయిన సీఆర్టీసీకి దరఖాస్తు పెట్టుకున్నామని అందులో ఉంది. మీ కస్టమర్లలో దాదాపు మూడో వంతు ఆ టియర్ మీదే ఉన్నారు. సీఆర్టీసీ ఒప్పుకుంటుందా, అభ్యంతరం చెప్పి లాభం ఉందా, ఈలోపు మీరు ఏం చెయ్యాలి అని అడిగారు.

చిన్న కంపెనీల తరఫున ఈ టారిఫ్ (కమిషన్ ఆమోదించే రేట్లు, నిబంధనల పత్రం) ఫైళ్లు చదవడం, వాటికి జవాబులు రాయడమే చాలా ఏళ్లుగా నా పని. అందుకే ముందు సూటిగా చెప్పేస్తాను. దరఖాస్తు పద్ధతి ప్రకారం ఉంటే టియర్ ఎత్తేయడం చాలావరకు ఆగదు. కానీ ఎప్పటి నుంచి ఎత్తేస్తారు, దాని బదులు ఏది ఇస్తారు, ఏ రేటుకి ఇస్తారు, ఉన్న కస్టమర్లను మార్చే ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి ఇంకా తేలలేదు. మీ బలమంతా అక్కడ పెట్టండి. టియర్‌ను కాపాడమని రాసిన ఉత్తరాలు ఫైల్లో పడి ఉంటాయి. షరతులు అడుగుతూ, కారణం చూపిస్తూ రాసినవాటికి మాత్రం కమిషన్ జవాబు చెప్పాల్సి వస్తుంది.

అసలు అనుమతి ఎందుకు కావాలో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. కెనడాలో ఇళ్లకు అమ్మే రిటైల్ ఇంటర్నెట్ ధరల మీద సీఆర్టీసీ 1990ల చివర్లోనే నియంత్రణ వదిలేసింది. అందుకే పెద్ద కంపెనీ తన వెబ్‌సైట్‌లోంచి ఒక ప్లాన్‌ను రాత్రికి రాత్రి తీసేసినా ఎవరినీ అడగక్కర్లేదు. హోల్‌సేల్ అలా కాదు. 1993 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం సెక్షన్ 25 ప్రకారం, నియంత్రణలో ఉన్న సేవను కమిషన్ ఆమోదించిన టారిఫ్ ప్రకారమే ఇవ్వాలి. టారిఫ్‌లో ఉన్న ఒక స్పీడ్‌ను తీసేయడమంటే టారిఫ్‌ను మార్చడమే, కాబట్టి మళ్లీ కమిషన్ దగ్గరికి వెళ్లాల్సిందే. సెక్షన్ 27 రెండు సంగతులు చెబుతుంది. రేట్లు న్యాయంగా, సహేతుకంగా ఉండాలి. ఎవరి మీదా అన్యాయమైన వివక్ష చూపకూడదు, తనకు తాను అనుచితమైన మేలు చేసుకోకూడదు. ఈ రెండో ముక్క మీకు బాగా పనికొస్తుంది. పెద్ద కంపెనీ మీకు సప్లయర్, అదే సమయంలో అదే వీధిలో మీకు పోటీదారు కూడా.

ఇప్పుడు ఆ నోటీసు మళ్లీ తీసి చదవండి. 'దశలవారీగా' అన్న మాట కింద రెండు వేర్వేరు పనులు ఉండొచ్చు. మొదటిది, కొత్త కస్టమర్లకు ఆపేసి ఉన్నవాళ్లను అలాగే కొనసాగించడం. టారిఫ్ భాషలో దీన్ని డీస్టాండర్డైజేషన్ అంటారు. రెండోది విత్‌డ్రాయల్, అంటే అందరికీ పూర్తిగా తీసేయడం. చాలా దరఖాస్తుల్లో మొదటిది ఒక తేదీకి, రెండోది ఇంకో తేదీకి అడుగుతారు. కొన్నిట్లో మొదటిదే అడిగి ఊరుకుంటారు, ఏడాదో రెండేళ్లో ఆగి రెండోదానికి కొత్త దరఖాస్తు వేస్తారు. మీ నోటీసులో ఉన్నది మొదటిది మాత్రమే అయితే టెన్షన్ పడక్కర్లేదు, ఉన్న కస్టమర్లకు ఇప్పుడే ఏమీ కాదు. కానీ ఒక చిక్కుంది. పాత కస్టమర్ ఇల్లు మారితే అతన్ని 'కొత్త' కిందికి లెక్కేస్తారా, పాత కిందికా? లైన్ ఒక నెల ఆపి మళ్లీ పెట్టించుకుంటే? కుటుంబంలో ఇంకొకరి పేరు మీదికి మార్చుకుంటే? ఈ ప్రశ్నలకు దరఖాస్తులో స్పష్టమైన జవాబు లేకపోతే మొట్టమొదట అడగాల్సింది అదే. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఎక్కువగా తక్కువ స్పీడ్ టియర్ల మీదే ఉంటారు, ఇళ్లు మారేదీ వాళ్లే. ఇది తేల్చుకోకపోతే డీస్టాండర్డైజేషన్ అన్నది మెల్లగా విత్‌డ్రాయల్‌గా మారిపోతుంది, ఎవరి అనుమతీ లేకుండానే.

కవరింగ్ లెటర్ చదివి ఆగిపోవద్దు, దానికి జతచేసిన టారిఫ్ పేజీలు తెరవండి. పేజీ పైమూలన అది ఎన్నో సవరణ, ఏ పాత పేజీని రద్దు చేస్తోంది అని రాసి ఉంటుంది. కుడి అంచున మారిన ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం వేస్తారు. 'డి' అంటే తీసేసినది, 'ఎన్' అంటే కొత్తగా చేర్చినది, 'ఎం' అంటే వేరే చోటికి జరిపినది, 'ఎస్' అంటే ఏ మార్పూ లేకుండా మళ్లీ అచ్చేసినది. రేటు పెరిగితే 'ఎ', తగ్గితే 'ఆర్'. ఉత్తరంలో ఒక్క టియర్ ఎత్తేస్తున్నాం అని మర్యాదగా రాసి, పేజీలో రెండు చోట్ల 'ఎన్' కనిపిస్తే అక్కడ ఆగి నెమ్మదిగా చదవాలి. ఒక ఫైల్లో టియర్ తొలగింపుతో పాటు మోడెమ్ నిబంధనల కింద ఒక కొత్త వాక్యం దూర్చి ఉండటం నేను చూశాను. ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు. పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన పెట్టుకుని గీతలు కొడుతూ చదివితే అరగంట పని. ఆ అరగంట పెట్టని కంపెనీలే ఎక్కువ, అందుకే చెబుతున్నాను.

దరఖాస్తులో ఏమేం ఉండాలో సీఆర్టీసీ 2008లో ఇచ్చిన 2008-22 నిర్ణయంలో చెప్పింది. ఏ సేవ, ఏ తేదీ నుంచి, ఎందుకు తీసేస్తున్నారు, దాని బదులు వాడుకోదగ్గ ప్రత్యామ్నాయం ఉందా, ఉన్న కస్టమర్లను ఎలా మారుస్తారు, ప్రస్తుతం ఎంతమంది మీద ప్రభావం పడుతుంది, వాళ్లకు పంపిన నోటీసు కాపీ. వీటిలో ఏది లేకపోయినా, పేరుకు ఒక వాక్యం రాసి వదిలేసినా, అసంపూర్ణ దరఖాస్తని మీరు రాతపూర్వకంగా ఎత్తిచూపొచ్చు. 'ఎంతమంది' అన్న దగ్గర చాలాసార్లు అంకె కనిపించదు, హ్యాష్ గుర్తులు వరుసగా ఉంటాయి. సెక్షన్ 39 కింద వ్యాపార రహస్యమని కమిషన్‌కు మాత్రమే ఇచ్చి, పబ్లిక్ కాపీలో దాచేసిన అంకె అది. మీకు కనిపించకపోయినా కమిషన్ సిబ్బందికి కనిపిస్తుంది. మీ అంకెలు కూడా అలాగే రహస్యంగా ఇచ్చే హక్కు మీకుంది. పోటీదారు చూస్తాడన్న భయంతో అసలు అంకెలే ఇవ్వకుండా రాసేవాళ్లు, తమ వాదనకున్న అసలు బలాన్ని తామే తీసేసుకుంటున్నారు.

ఇక దరఖాస్తు నిలుస్తుందా లేదా తేల్చే మొదటి పరీక్ష. పెద్ద కంపెనీ తన సొంత కస్టమర్లకు ఏ స్పీడ్‌లు అమ్ముతోందో ఆ స్పీడ్‌లు హోల్‌సేల్‌లోనూ ఇవ్వాలన్నది కెనడాలో పాత నియమం. స్పీడ్ మ్యాచింగ్ అంటారు. కేబుల్ కంపెనీలకు 2006లో, ఫోన్ కంపెనీలకు 2008లో నిర్ణయాలొచ్చాయి. 2010 ఆగస్టులో వచ్చిన 2010-632 విధానంలో కమిషన్ దాన్ని మళ్లీ ఖాయం చేసింది. అందుకే టియర్ ఎత్తేస్తామనే దరఖాస్తుల్లో నూటికి తొంభైపాళ్లు ఒకటే కారణం కనిపిస్తుంది: 'ఈ స్పీడ్‌ను మేం రిటైల్‌లో అమ్మడం మానేశాం.' నిజంగా మానేశారా? ముందు అది చూడండి. ప్రధాన బ్రాండ్ వెబ్‌సైట్‌లో లేకపోవచ్చు. వాళ్లదే చవక బ్రాండ్ ఇంకోటి ఉంటే అందులో ఉందేమో చూడండి. అపార్ట్‌మెంట్ బిల్డింగులతో చేసుకున్న గంపగుత్త ఒప్పందాల్లో ఉందేమో, తక్కువ ఆదాయ కుటుంబాల కోసం పెట్టిన ప్లాన్లలో ఉందేమో, వదిలి వెళ్తానన్న కస్టమర్‌ను ఆపడానికి ఫోన్లో ఇచ్చే ఆఫర్లలో ఉందేమో వెతకండి. దొరికితే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తను అమ్ముకుంటూ మిమ్మల్ని అమ్మొద్దంటే అది సెక్షన్ 27 పరిధిలోకి వచ్చే విషయం. కమిషన్ పట్టించుకోకుండా ఉండలేని వాదన మీ చేతికొచ్చినట్టే.

ఇంకో సంగతి, రిటైల్‌లో వాళ్ల పాత కస్టమర్లను ఏం చేస్తున్నారు? తమ పాత కస్టమర్లను పాత స్పీడ్ మీదే, పాత ధరకే ఉంచుకుని, మీ పాత కస్టమర్లను మాత్రం ఫలానా తేదీకల్లా మార్చెయ్యమంటే అది సమానం కాదు. ఈ ప్రశ్నను కమిషన్ సిబ్బంది సమాచార అభ్యర్థన రూపంలో కంపెనీకి పంపాలని మీరే మీ ఉత్తరంలో కోరవచ్చు. సిబ్బంది అలా ప్రశ్నలు పంపితే జవాబివ్వక తప్పదు.

కారణం దగ్గర కాస్త సాంకేతికంగా ఆలోచించాలి, ఎందుకంటే కేబుల్, డీఎస్ఎల్ (ఫోన్ తీగ మీద వచ్చే ఇంటర్నెట్) కథలు ఒకటి కావు. కేబుల్‌లో స్పీడ్ టియర్ అంటే మోడెమ్ ఆన్ అయినప్పుడు నెట్‌వర్క్ నుంచి దించుకునే ఒక కాన్ఫిగరేషన్ ఫైల్. 30 అయినా 75 అయినా అదే తీగ, అదే పెట్టె, అదే పోర్ట్. ఫైల్లో గరిష్ఠ స్పీడ్ అంకె వేరు, అంతే. అలాంటప్పుడు పాత టియర్‌ను ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు కొనసాగించడానికి పెద్ద ఖర్చేం ఉండదు. 'నెట్‌వర్క్ ఆధునికీకరణ' అని కారణం రాస్తే, ఈ టియర్ వల్ల ఏ పరికరం తీయలేకపోతున్నారో చెప్పమని అడగండి. నిజమైన కారణం ఒకటి ఉండే వీలుంది, దాన్ని కొట్టిపారేయకూడదు. తక్కువ స్పీడ్ కస్టమర్ల ఇళ్లలో పాత డాక్సిస్ (కేబుల్ ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణం) మోడెమ్‌లు ఎక్కువగా ఉంటాయి. అవి స్పెక్ట్రమ్‌ను, అంటే తీగలో ఉన్న ఫ్రీక్వెన్సీల జాగాను, పొదుపుగా వాడవు. కొత్త తరం డాక్సిస్ 3.1కి మరింత స్పెక్ట్రమ్ కేటాయించాలంటే పాత ఛానెళ్లు ఖాళీ కావాలి. కానీ అది మోడెమ్ సమస్య, టియర్ సమస్య కాదు. కొత్త మోడెమ్ పెట్టి 30 స్పీడే ఇస్తామని మీరంటే ఆ కారణం చల్లబడిపోతుంది.

డీఎస్ఎల్‌లో పరిస్థితి వేరు. అక్కడ తక్కువ స్పీడ్ టియర్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్న పాత పరికరాల మీద నడుస్తాయి, వాటికి విడిభాగాలు దొరకవు, తయారీదారు మద్దతు ఆపేసి ఉంటాడు. అక్కడ తొలగింపుకు కారణం బలంగానే ఉంటుంది. అదే సమయంలో ప్రత్యామ్నాయం బలహీనంగా ఉంటుంది. రాగి తీగ మీద స్పీడ్ దూరంతో పడిపోతుంది. ఎక్స్ఛేంజ్‌కు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి 5 ఎంబీపీఎస్ తీసేసి 25 తీసుకోండి అంటే ఆ 25 అక్కడికి చేరదు. మీ దగ్గర డీఎస్ఎల్ కస్టమర్లు కూడా ఉన్నారని రాశారు కాబట్టి చెబుతున్నాను, అలాంటి నోటీసు వస్తే చిరునామాల వారీగా అర్హత పరీక్ష చేయించండి. పై టియర్ రాని చిరునామాలు ఎన్నో లెక్క తీసి కమిషన్‌కు ఇవ్వండి. ప్రత్యామ్నాయం ఉందన్న మాట ఎన్ని ఇళ్లకు నిజమో, ఎన్నిటికి కాదో చూపించడాన్ని మించిన వాదన లేదు.

మీ కేసు కేబుల్ కాబట్టి ప్రత్యామ్నాయం దొరుకుతుంది. అసలు పోరు దాని రేటు మీదే. హోల్‌సేల్ బిల్లు రెండు భాగాలని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఒక్కో కస్టమర్‌కు నెలకు ఇంతని యాక్సెస్ రేటు ఒకటి. అందరి ట్రాఫిక్‌కూ కలిపి 100 ఎంబీపీఎస్ ముక్కల్లో కొనే కెపాసిటీ రెండోది. వాడకం మీద బిల్లు వెయ్యాలన్న ప్రయత్నం మీద 2011లో దేశమంతా గొడవయ్యాక, ఆ నవంబరులో 2011-703 విధానంతో వచ్చిన పద్ధతి ఇది. టియర్ మారితే ఈ రెండూ ఒకేలా కదలవు.

అర్థం కావడానికి ఊహించిన అంకెలతో లెక్క వేస్తాను, వీటిని ఏ టారిఫ్‌లోనూ వెతకొద్దు. 30 టియర్ మీద మీకు 900 మంది ఉన్నారనుకుందాం. యాక్సెస్ రేటు 15 డాలర్లు, బదులు ఇచ్చే టియర్‌కు 21 డాలర్లు. తేడా 6 డాలర్లు, నెలకు 5,400, ఏడాదికి 64,800 డాలర్లు. ఇక కెపాసిటీ. రాత్రి రద్దీ వేళ ఒక్కో కస్టమర్ సగటున 2.5 ఎంబీపీఎస్ వాడుతుంటే మొత్తం 2,250, అంటే 23 ముక్కలు కావాలి. స్పీడ్ పెరిగాక వాడకం పది శాతం పెరిగిందనుకున్నా 2,475, అంటే 25 ముక్కలు. రెండు ముక్కలే ఎక్కువ. జనం చూసే వీడియో అదే, చూసే గంటలూ అవే. టియర్ రెట్టింపైనంత మాత్రాన రద్దీ వేళ ట్రాఫిక్ రెట్టింపు కాదు. ఇది కమిషన్‌కు చూపించాల్సిన ముఖ్యమైన పాయింట్. నెట్‌వర్క్ మీద పడే భారం కొంచెమే పెరుగుతోంది, మీరు కట్టేది మాత్రం చాలా పెరుగుతోంది. రేట్లు ఖర్చుల ఆధారంగా ఉండాలన్నది హోల్‌సేల్ సూత్రం కదా, ఆ తేడాకు ఆధారమేమిటని అడగండి.

ఇక్కడ ఒకటి సరిచూసుకోండి. 2016 తర్వాత కొన్ని టారిఫ్‌ల్లో దగ్గర దగ్గర స్పీడ్‌లను ఒకే బ్యాండ్‌గా కలిపి, ఆ బ్యాండ్ అంతటికీ ఒకే యాక్సెస్ రేటు పెట్టారు. పాత టియర్, బదులు ఇచ్చే టియర్ ఒకే బ్యాండ్‌లో ఉంటే మీ యాక్సెస్ ఖర్చు మారదు. అప్పుడు అభ్యంతరానికి పెద్దగా ఏమీ మిగలదు, మార్పిడి ఛార్జీలు, తేదీలు చూసుకుంటే చాలు. వేరే బ్యాండ్‌లో ఉంటే, మారే కస్టమర్లకు పాత బ్యాండ్ రేటే కొంతకాలం వర్తింపజేయమని అడగండి. నా అనుభవంలో ఇది అడిగేవాళ్లు తక్కువ. టియర్ ఎత్తేయడం మీ నిర్ణయం కాదు, కస్టమర్ నిర్ణయమూ కాదు. మార్పు కోరుకున్నవాళ్లే దాని ఖర్చు కొంత మోయాలన్నది సబబైన కోరిక.

పెద్ద కంపెనీ జవాబులో ఒక మాట తప్పకుండా వస్తుంది. 2016 డిసెంబరులో సీఆర్టీసీ 2016-496 విధానంలో దేశంలో అందరికీ 50 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 10 అప్‌లోడ్ అందాలని లక్ష్యం పెట్టింది కాబట్టి, అంతకన్నా తక్కువ టియర్లు తీసేయడం ప్రజాహితమే అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ లక్ష్యం ఆ స్పీడ్ అందుబాటులో ఉండాలన్నదే. అంతకన్నా తక్కువ కొనుక్కునే హక్కు ఎవరికీ ఉండకూడదని ఎక్కడా లేదు. ఒంటరిగా ఉండే పెద్దావిడ మెయిల్ చూసుకుని, సాయంత్రం మనవడితో వీడియో కాల్ మాట్లాడుకుంటుంది. ఆమెకు 30 చాలు. పై టియర్ వల్ల ఆమెకు బిల్లు పెరగడమే తప్ప ఇంకేమీ రాదు. తక్కువ ధర ప్లాన్లు ఇచ్చేది ఎక్కువగా చిన్న కంపెనీలే, మార్కెట్‌లో కింది మెట్టును నిలబెడుతున్నదీ అవే. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. కింది టియర్లు ఒక్కొక్కటీ పోతూ ఉంటే పోటీ అన్నది ఖరీదైన ప్లాన్ల మధ్య మాత్రమే మిగులుతుంది. 2023 ఫిబ్రవరిలో కెనడా కేంద్ర ప్రభుత్వం సీఆర్టీసీకి ఇచ్చిన విధాన ఆదేశంలో పోటీ, అందుబాటు ధరలు, వినియోగదారుల ప్రయోజనాలు ప్రధానంగా ఉన్నాయి. మీ ఉత్తరంలో దాన్ని తప్పకుండా ప్రస్తావించండి.

ఉత్తరం ఎలా రాయాలి? రెండు మూడు పేజీలు చాలు. పెద్ద కంపెనీల మీద కోపం వెళ్లగక్కడానికి అది చోటు కాదు. నేనైతే ఇలాంటి పేరాతో మొదలుపెడతాను: 'ఈ టియర్‌ను కొత్త కస్టమర్లకు నిలిపివేయడానికి మాకు అభ్యంతరం లేదు. ఉన్న కస్టమర్ల విషయంలో మాత్రం మూడు షరతులు కోరుతున్నాం. పూర్తి తొలగింపు ఆమోదం తేదీ నుంచి కనీసం పన్నెండు నెలల తర్వాతే జరగాలి. మార్పిడికి ఎలాంటి సర్వీస్ ఛార్జీ ఉండకూడదు. మారిన కస్టమర్లకు పాత యాక్సెస్ రేటు నిర్ణీత కాలం పాటు కొనసాగాలి.' ఆ తర్వాత ఒక్కో షరతుకు ఒక పేరా, ప్రతి పేరాలో మీ సొంత అంకె ఒకటి. అంకెలను రహస్యంగా ఇస్తుంటే పబ్లిక్ కాపీ వేరుగా తయారు చేసి, ఎందుకు రహస్యమో కారణం రాయాలి. అది మర్చిపోతే ఉత్తరం వెనక్కి తిరిగొచ్చి గడువు దాటిపోయే ప్రమాదం ఉంది. గడువు తేదీ ఆ టారిఫ్ నోటీస్‌కు (అంటే కంపెనీ వేసిన దరఖాస్తుకు) సీఆర్టీసీ వెబ్‌సైట్‌లో ఉన్న పేజీలో చూసుకోండి. దరఖాస్తు వేసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, మీకు నోటీసు చేరిన రోజు నుంచి కాదు. మీ ఉత్తరం తర్వాత పెద్ద కంపెనీకి జవాబిచ్చే అవకాశం ఉంటుంది. అక్కడితో రికార్డు దాదాపు మూసుకుపోతుంది, కాబట్టి చెప్పాల్సింది మొదటి ఉత్తరంలోనే చెప్పెయ్యాలి. మీలాంటి కంపెనీలు ఇంకా ఉంటే కలిసి ఒకటే ఉత్తరం రాసే బదులు, ఒకే షరతులు అడుగుతూ ఎవరి అంకెలతో వాళ్లు విడివిడిగా రాయడం మంచిది.

ఎంతకాలం పడుతుంది అంటే, చట్టం సెక్షన్ 26 ప్రకారం టారిఫ్ దాఖలైన 45 పనిదినాల్లో కమిషన్ ఆమోదించాలి, లేదా తిరస్కరించాలి, లేదా ఎందుకు ఆలస్యమవుతోందో, ఎప్పటికి తేలుస్తుందో కారణాలతో ప్రకటించాలి. మధ్యలో తాత్కాలిక ఆమోదం కూడా ఇవ్వొచ్చు. తాత్కాలిక ఆమోదం వస్తే నీరుగారిపోవద్దు. తాత్కాలిక రేట్లను తుది నిర్ణయంలో వెనకటి తేదీ నుంచి సరిచేసే అధికారం కమిషన్‌కు ఉందని కెనడా సుప్రీం కోర్టు 1989లోనే బెల్ కెనడా కేసులో తేల్చింది. అంటే ఈలోపు ఎక్కువ కట్టినా తిరిగొచ్చే వీలుంది. ఆ నెలల బిల్లులన్నీ టియర్ వారీగా విడగొట్టి దాచుకోండి.

నిర్ణయం నచ్చకపోతే పైకి వెళ్లే దారులు మూడు. కమిషన్‌నే పునఃపరిశీలించమని సెక్షన్ 62 కింద అడగొచ్చు. చట్టపరమైన ప్రశ్న ఉంటే 30 రోజుల్లోపు ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్ అనుమతి కోరొచ్చు. 90 రోజుల్లోపు కేంద్ర మంత్రివర్గానికి పిటిషన్ పెట్టొచ్చు. ఒక్క టియర్ కోసం ఇవి ఎక్కడం చిన్న కంపెనీకి సాధ్యం కాదు, నేను సలహా ఇవ్వను. అయినా చెబుతున్నానంటే, అవతలివాళ్లకు కూడా ఇవే దారులున్నాయి, వాళ్లు వాడతారు. 2019 ఆగస్టులో సీఆర్టీసీ హోల్‌సేల్ రేట్లను బాగా తగ్గించి, 2016 నుంచి వర్తించేలా ఆర్డర్ 2019-288 ఇచ్చింది. పెద్ద కంపెనీలు కోర్టుకూ మంత్రివర్గానికీ కమిషన్‌కూ మూడు చోట్లకూ వెళ్లాయి. అమలు ఆగింది. 2021 మే 27న కమిషనే తన లెక్కల్లో తప్పులున్నాయన్న సందేహంతో ఆ ఆర్డర్‌ను పక్కన పెట్టి, 2016 నాటి తాత్కాలిక రేట్లనే కొద్ది మార్పులతో ఖాయం చేసింది. తగ్గిన రేట్లను నమ్ముకుని కస్టమర్లకు ధరలు తగ్గించిన చిన్న కంపెనీలు ఆ దెబ్బకు విలవిల్లాడాయి. కాబట్టి ఈ దరఖాస్తులో మీకు అనుకూలంగా షరతు వచ్చినా, ఆ 90 రోజుల గడువు గడిచేదాకా దాని మీద కొత్త ప్లాన్ ధర కట్టకండి.

ఈలోపు చెయ్యాల్సిన పనులున్నాయి. ఆ టియర్ మీద కొత్త అమ్మకాలు ఈ వారమే ఆపండి, ఎలాగూ మార్చాల్సిన కస్టమర్లను ఇంకా పోగేసుకోవడం ఎందుకు? ఉన్నవాళ్లలో ఎవరి దగ్గర ఏ మోడల్ మోడెమ్ ఉందో జాబితా తీయించండి. బదులు ఇచ్చే టియర్‌కు ఆమోదించిన మోడెమ్‌ల జాబితాను కేబుల్ కంపెనీ విడిగా ఇస్తుంది, రెండూ పోల్చి చూడండి. స్పీడ్ మార్పు ఆర్డర్ పెట్టగానే నెట్‌వర్క్ కొత్త ఫైల్ పంపిస్తుంది, మోడెమ్ రీబూట్ అవుతుంది, మామూలుగా కొన్ని నిమిషాల పని. జాబితాలో లేని మోడెమ్ అయితే ఆర్డరే తిరస్కరణకు గురవుతుంది. లేదా లైన్ పైకి రాకుండా కూర్చుంటుంది. అప్పుడు మీ సపోర్ట్ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అందుకే అందరినీ ఒకేరోజు మార్చొద్దు. మొదట పాతికమందిని మార్చి వారం చూడండి, తర్వాత వందల్లో వెళ్లండి. శుక్రవారం అసలు పెట్టుకోవద్దు.

కస్టమర్లకు రాసే ఉత్తరంలో సీఆర్టీసీ ధర పెంచమంది అని మాత్రం రాయకండి. కొందరు రాస్తున్నారు, అది నిజం కాదు. మీ రిటైల్ ధర మీరు నిర్ణయించేది, కమిషన్ ఆమోదించేది కాదు. కంపెనీలు కస్టమర్లతో ఎలా వ్యవహరించాలో చెప్పే సీఆర్టీసీ నియమావళి, ఇంటర్నెట్ కోడ్, 2020 జనవరి 31 నుంచి అమల్లో ఉంది. అది సొంత నెట్‌వర్క్ ఉన్న పెద్ద కంపెనీలకే తప్పనిసరి అయినా, ఫిర్యాదుల సంస్థ అయిన సీసీటీఎస్ ముందుకు మీ కస్టమర్ వెళ్తే మీరు జవాబు చెప్పాలి. నిర్ణీత కాలపు ఒప్పందం ఉన్నవాళ్లకు ఆ కాలం అయ్యేదాకా ధర మార్చకండి. నెలవారీ వాళ్లకు కనీసం నెలరోజుల ముందు స్పష్టంగా రాయండి: పాత స్పీడ్, కొత్త స్పీడ్, పాత ధర, కొత్త ధర, తేదీ, వద్దనుకుంటే ఏం చెయ్యాలి.

ఎలాగూ మారుస్తున్నాం కదా, ఫైబర్‌కే మారిస్తే పోలేదా అని మీ మేనేజర్ అన్నారని రాశారు. 2024 ఆగస్టు 13 నాటి 2024-180 విధానం ప్రకారం పెద్ద ఫోన్ కంపెనీలైన బెల్, టెలస్, సాస్క్‌టెల్ తమ ఫైబర్‌ను హోల్‌సేల్‌గా ఇవ్వాలి, 2025 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ విధానం తర్వాత కొత్తగా వేసిన ఫైబర్‌కు 2029 ఆగస్టు దాకా మినహాయింపు ఉంది. ఒంటారియోలో బెల్ ఫైబర్ ఉన్న చిరునామాలకు ఇది దారే. కానీ అది వేరే కంపెనీ నెట్‌వర్క్, వేరే రేటు, ఇంటికి టెక్నీషియన్ రావాలి. ఎక్కువ స్పీడ్ కోరుకునేవాళ్లకు ఇవ్వండి. తక్కువ ధర కోసం 30 మీద ఉన్నవాళ్లకు అది జవాబు కాదు.

దరఖాస్తు మీద సీఆర్టీసీ ఆర్డర్ వచ్చాక దానికి అనుబంధంగా ఉన్న తుది టారిఫ్ పేజీని మొదట వచ్చిన ప్రతిపాదిత పేజీతో పోల్చండి. కమిషన్ మార్పులతో ఆమోదించి ఉంటే ఆ మార్పులు అందులో పడ్డాయో లేదో కళ్లతో చూడాలి. అమలు తేదీ తర్వాత వచ్చే మొదటి రెండు హోల్‌సేల్ ఇన్‌వాయిస్‌లు వరుస వరుసగా తనిఖీ చెయ్యండి. మారిన లైన్లకు ఏ బ్యాండ్ రేటు వేశారు, స్పీడ్ మార్పు ఛార్జీ పడిందా, మార్పు జరిగిన నెలలో పాత, కొత్త రెండు రేట్లూ పూర్తిగా వేశారా, రోజుల లెక్కన వేశారా? తేడా ఉంటే టారిఫ్‌లో బిల్లు వివాదాలకు ఇచ్చిన గడువులోపే రాతపూర్వకంగా వివాదం లేవదీయండి. ఫోన్లో సరే చూస్తాం అన్నది లెక్కలోకి రాదు. దరఖాస్తు టారిఫ్ నోటీస్ నంబర్, మీ టియర్, బదులు ఇస్తామంటున్న టియర్ వివరాలు పెడితే, ఆ పేజీలు చదివి ఇంకేం అడగొచ్చో చెబుతాను.